ఒక్క క్యాబేజీకి మూడు సలహాలు

లియాండర్ మావయ్య అడగనివాళ్ళకి ఒక సలహా ఇచ్చేవాడు, అడిగినవాళ్ళకి రెండిచ్చేవాడు. చల్లటి సముద్రపు ఒడ్డున ఉన్న మా పల్లె స్కల్పిన్ కోవ్‌లో వయసు మళ్ళినవాళ్ళందరూ అందరికీ మావయ్యలే, అత్తలే. రక్తసంబంధంతో పనిలేదు. ఆయన ఇంటిపేరు పార్డీ. నలభై ఏళ్ళపాటు చేపల పడవల మీద వంట చేశాడు. పడవ మీద వంటవాడి మాటకి ఎదురుండదు. ఎంత మొనగాడైనా పళ్ళెం పట్టుకుని ఆయన ముందు నిలబడాల్సిందే. ‘నువ్వు రాత్రంతా దగ్గావు, నీకివాళ వేపుడు లేదు, సూపు తాగు’ అంటే తాగి పోవాల్సిందే. పని మానేసి ఒడ్డుకొచ్చాక, పళ్ళెం పట్టుకుని నిలబడే మనుషులు లేక ఆయన తెగ ఇబ్బంది పడ్డాడు. ఇంట్లో ఎఫీ అత్త ఆయన మాటల్ని గాలిచప్పుడు విన్నట్టు వినేది. గాలి వీస్తోంది, వీస్తే వీచింది అన్నట్టు.

నేను పోస్టాఫీసు చూసేదాన్ని. పోస్టాఫీసంటే మా ఇంటి ముందుగదే. నా పేరు ట్రైఫీనా, ఊరికి ట్రిఫీని. ఊళ్ళో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో ముందు నాకు తెలిసి, తర్వాత వాళ్ళకి తెలుస్తుందని మావయ్య అనేవాడు. నేనేమీ అనేదాన్ని కాదు, పూర్తిగా అబద్ధం కాదు కనక.

తొంభై రెండు జూలైలో ప్రభుత్వం కాడ్ చేపల వేట ఆపేసింది. సముద్రంలో చేప అయిపోయిందన్నారు. రేవులో పడవలు కట్టేసినవి కట్టేసినట్టే ఉండిపోయాయి. చేపల ఫ్యాక్టరీకి తాళం పడింది. ప్రభుత్వం పంపే చెక్కులు నా కిటికీలోంచే వెళ్ళేవి కాబట్టి చెబుతున్నా, తిండికి లోటు రాలేదు. పొద్దుపోవడానికే లోటొచ్చింది. మగవాళ్ళు రేవుకెళ్ళి తమ పడవల్ని ఓసారి చూసొచ్చేవాళ్ళు, వచ్చి ఇంట్లోవాళ్ళ మీద అరిచేవాళ్ళు.

అందరికంటే సెల్బీ కీపింగ్ పరిస్థితి అన్యాయం. వాడికి నలభై నాలుగేళ్ళు. పద్నాలుగో ఏట నుంచి తెల్లారగట్ల మూడున్నరకి లేచి పడవెక్కే అలవాటు. పడవ ఆగినా ఆ లేవడం ఆగలేదు. లేచి ఏం చేస్తాడు? భార్య మెల్వీనా వంటింట్లో డబ్బాలన్నీ దించి, ఎత్తు ప్రకారం సర్దేవాడు. ఆ చప్పుడికి ఆమె లేచేది. చలికాలంలోనే మూడుసార్లు సర్దాడట. మార్చిలో మెల్వీనా నా కిటికీ దగ్గరికొచ్చి తల పట్టుకుని, “ట్రిఫీ, ఈయన్ని ఓ గోనెసంచీలో వేసి ఎక్కడికైనా పంపించెయ్యవే, స్టాంపులు నేనే నాకి అంటిస్తా” అంది.

మే నెలలో మంచు కరిగాక లియాండర్ మావయ్య పోస్టాఫీసుకొచ్చి, కొండవాలు మీది పాత మళ్ళన్నీ మళ్ళీ తవ్వాలని ప్రకటించాడు. మా అమ్మలు, అమ్మమ్మలు ఆ మళ్ళల్లో పండించిన దుంపలూ క్యాబేజీలతోనే మమ్మల్ని పెంచారు. ఫ్యాక్టరీ జీతాలొచ్చాక వాటిని గడ్డికి వదిలేశాం. ఉన్న పదిమందీ నవ్వారు. ఆ నేలలో మట్టికంటే రాళ్ళెక్కువ, రాళ్ళకంటే పొగమంచెక్కువ. మావయ్య వాదించలేదు. మర్నాడు పార భుజానేసుకుని సెల్బీ వాళ్ళ వాలు మీద నిలబడి, ఒంటరిగా, తప్పుతప్పుగా తవ్వడం మొదలుపెట్టాడట. కిటికీలోంచి అది చూడలేక సెల్బీ బయటికొచ్చి ఆ పార లాక్కున్నాడు. జూన్ వచ్చేసరికి ఊళ్ళో ముప్ఫై మళ్ళు పైకి లేచాయి.

ఇక సలహాలు మొదలయ్యాయి. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే సాయంత్రం దాకా మావయ్య ఎవరో ఒకరి కంచె మీద మోచేతులానించి ఉండేవాడు. దుంప మొలకల మొదట్లో మన్ను ఎంత ఎగదొయ్యాలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు ఎన్నాళ్ళు వానలో తడిశాక మడిలో వెయ్యాలి, టర్నిప్ విత్తనం ఎంత పలచగా చల్లాలి, అన్నీ చెప్పేవాడు. విచిత్రమేమిటంటే అవి పనిచేసేవి. 

నాకు మాత్రం కొంచెం అవమానకరమైన సలహా దొరికింది. నేను క్యారెట్ విత్తనాలు వేసి, మొలిచాయో లేదోనని అయిదో రోజున మట్టి తీసి చూశాను. ఏడో రోజున మళ్ళీ చూశాను. తొమ్మిదో రోజున చూస్తుండగా ఆయన కంచె దగ్గర ప్రత్యక్షమయ్యాడు. క్యారెట్ విత్తనం మూడు వారాలు పడుకుంటుందనీ, నా చూపు సోకితే అసలు లేవదనీ, క్యాబేజీని కూడా గుప్పెడంత గడ్డ కట్టేదాకా తాకకూడదనీ అన్నాడు. నీ మడి సంగతి వదిలేసి ఊరి మళ్ళ సంగతి చూడమన్నాడు. ఎవరిది ఎంత పెరిగిందో వారం వారం ఓ కాగితం మీద రాయించి పోస్టాఫీసు గోడకి అంటించమన్నాడు. ఆ పని నాకు నచ్చింది. 

ఆ కాగితం చుట్టూ జనం మూగేవాళ్ళు. ‘హెస్టర్ బఫెట్, క్యాబేజీ పదకొండు ఆకులు’ అని ఒకరు రాస్తే, మర్నాటికి ఇంకొకరు ‘పన్నెండు’ అని రాసేవాళ్ళు. సెల్బీ ఆకులు లెక్కపెట్టేవాడు కాదు, చంపిన నత్తలు లెక్కపెట్టేవాడు. మా తడి నేలలో గుల్లలేని నత్తలు క్యాబేజీకి యముళ్ళు. ‘సెల్బీ, నత్తలు, 214’ అని ఓ వారం. ‘388’ అని ఇంకో వారం. ఎవరైనా పక్కన ‘ఇవి తింటారా?’ అని రాస్తే పట్టించుకునేవాడు కాదు.

ఈ హెస్టర్ గురించి చెప్పాలి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు నిలబడి చేపలు కోసింది. ఒంటరి మనిషి, చేతులు ఊరికే ఉండవు. మడి వేసిన మొదటి వారంలో రోజుకి మూడుసార్లు నీళ్ళు పోసి సగం నారు కుళ్ళబెట్టింది. లియాండర్ మావయ్య ఆమెకి దూరపు వరసలో అన్న. తర్వాత ఏం చెప్పాడో గానీ ఆమె మధ్యాహ్నం దాకా మడి వైపు చూడ్డం మానేసింది. పొద్దుటి పూట చెక్కపెట్టెలో నారు పెట్టుకుని ఇంటింటికీ తిరిగేది. నారు మార్చుకోకపోతే జాతి బలం తగ్గుతుందట. ఆమె గంభీరంగా చెబుతుంటే మేమూ గంభీరంగా తలూపి, కాసిని టీనీళ్ళిచ్చి, మాకక్కరలేని నారు తీసుకుని, ఆమెకక్కరలేనిది ఇచ్చేవాళ్ళం.

జూన్ నెలాఖరుకి కేపెలిన్ చేపలు ఒడ్డుకొచ్చాయి. అలలతో పాటు వెండి చల్లినట్టు లక్షలకొద్దీ గులకరాళ్ళ మీద పడతాయి ఈ చిన్న చేపలు. తినగలిగినన్ని తిని, మిగిలినవి మళ్ళల్లో పాతిపెట్టడం పాత పద్ధతి. ఊరు ఊరంతా బకెట్లతో దిగింది. ఎవరు ఎన్ని బకెట్లు ఏ మొక్కకి వెయ్యాలో చెబుతూ మావయ్య అటూ ఇటూ తిరుగుతున్నాడు. తిరుగుతూ తిరుగుతూ, కాళ్ళ కింద చేపలున్నాయి జాగ్రత్త అని మెల్వీనాకి చెబుతూనే జారాడు. చీలమండ రెండుచోట్ల విరిగింది.

ఆస్పత్రి నుంచి మోకాలి దాకా కట్టుతో తిరిగొచ్చాడు. వంటింటి కిటికీ పక్కన మంచం వేసి పడుకోబెట్టారు. పరామర్శకి వెళ్ళినవాళ్ళం ఆ కిటికీలోంచి అప్పుడు చూశాం, వాళ్ళ పెరటి మడిని. గడ్డి నడుమెత్తు ఉంది. క్యాబేజీలు పసుపురంగుకి తిరిగాయి. దుంపమొక్కలు మన్నులేక ఒరిగిపోయాయి. ఊరంతా తిరిగే మనిషికి సొంత మడి చూసుకునే తీరికెక్కడిది?

“చూసుకోండి, మీ పంతులుగారి మడి” అంది ఎఫీ అత్త. “ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.”

సరే, మనమే బాగుచేద్దాం అనుకున్నాం. ఆ శనివారం తెల్లారగట్ల అయిదింటికి ఎఫీ అత్త లేచి చూస్తే, పొగమంచులో ఏదో నల్లటి ఆకారం నాలుగుకాళ్ళ మీద తన క్యాబేజీల మధ్య పాకుతోంది. దుప్పి దిగిందనుకుని చీపురుకర్ర తీసుకుని వెళ్ళి ఒక్కటి వేసింది. అది సెల్బీ. చేతిలో నత్తల డబ్బా. పాపం, డబ్బా ఒలికిపోయి మళ్ళీ అన్నీ ఏరుకోవాల్సి వచ్చింది.

పదింటికి హెస్టరూ నేనూ వెళ్ళాం. సెల్బీ గడ్డి సగం పీకేసి, క్యాబేజీలకి నీళ్ళు పోస్తున్నాడు. హెస్టర్ పరుగెత్తి వాడి చేతిలో బకెట్ పట్టుకుంది. మధ్యాహ్నం కాకుండా క్యాబేజీని కదిలిస్తే కుళ్ళు పడుతుందని అన్నయ్య తనకి ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడంది. సెల్బీ తెల్లబోయాడు. సూర్యుడు పొడవకముందే వెళ్ళకపోతే క్యాబేజీ దక్కదని వాడికి చెప్పాడట, రోజూ, ఆదివారాలు కూడా. నన్ను సాక్ష్యం అడిగారు. గుప్పెడంత గడ్డ కట్టేదాకా దాన్ని అసలు ముట్టుకోవద్దని నాకు చెప్పాడని నేనన్నాను. ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. అక్కణ్ణుంచి నేరుగా, మట్టి చెప్పులతోనే, వంటింట్లోకి నడిచాం.

మావయ్య మంచం మీద కూచుని బ్రెడ్డు మీద నల్లబెల్లం పాకం రాసుకుంటున్నాడు.

“మావయ్యా, క్యాబేజీ దగ్గరికి పొద్దున్నే వెళ్ళాలా, మధ్యాహ్నమా?” అన్నాడు సెల్బీ.

“నీ క్యాబేజీయా, హెస్టర్ క్యాబేజీయా?”

“ఎవరిదైనా క్యాబేజీ క్యాబేజీయే గదా.”

“క్యాబేజీ క్యాబేజీయే. నువ్వు హెస్టర్‌వి కావుగా” అన్నాడు మావయ్య.

ఇంక తప్పించుకోవడానికి కాలు లేదు కాబట్టి చెప్పేశాడు. “నువ్వు మూడున్నరకి లేచి మెల్వీనా ప్రాణం తోడేస్తున్నావు. నువ్వు మడిలో ఉంటే ఆ పిల్ల రెండు గంటలు పడుకుంటుందని పొద్దున్నే వెళ్ళమన్నాను. హెస్టర్‌కి చెయ్యి ఆగదు, మొక్కల్ని ముంచేస్తోంది, అందుకని మధ్యాహ్నం దాకా పోవద్దన్నాను. ఇదిగో ఈ ట్రిఫీకేమో...”

“నా సంగతి వద్దులే మావయ్యా” అన్నాను.

హెస్టర్ మంచం దగ్గరికి జరిగింది. “మరి నారు ఇంటింటికీ మార్చుకోకపోతే బలం తగ్గుతుందన్నావు?”

మావయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. “మార్చుకుంటే నష్టమేం లేదు” అన్నాడు.

“పందొమ్మిది ఇళ్ళలో టీ తాగాను అన్నయ్యా నేను” అంది హెస్టర్. కోపంగా అందామని మొదలుపెట్టింది గానీ మధ్యలో నవ్వొచ్చేసింది, కళ్ళు తుడుచుకుంది కూడా.

సెల్బీ నవ్వలేదు. “అంటే నన్ను పసిపిల్లాణ్ణి ఆడించినట్టు ఆడించావన్నమాట. నేనేదో పని చేస్తున్నాననుకున్నాను” అని బకెట్ అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు.

ఎఫీ అత్త పొయ్యి దగ్గర్నుంచి తిరిగింది. “అందరికీ అన్నీ చెప్పావు. నలభై మూడేళ్ళ కాపురంలో నాకు పనికొచ్చేది ఒక్కటి చెప్పావా?”

“నువ్వు వినవని తెలుసు గదా, అందుకని దాచుకున్నాను” అన్నాడాయన. కానీ ఆ మాటలో ఉషారు లేదు. చేతిలో బ్రెడ్డు అలాగే ఉండిపోయింది.

ఆ వారం గోడ మీది కాగితంలో ఎవరూ ఏమీ రాయలేదు. అంతకంటే వింత, మావయ్య సలహాలివ్వడం మానేశాడు. పలకరించడానికి వెళ్ళినవాళ్ళు తమ దుంప ఆకులకి చుక్కలొస్తున్నాయని ఆశగా చెబితే, “అలాగా” అని ఊరుకునేవాడు. వారం తిరిగేసరికి ఎఫీ అత్త హడలిపోయింది. కావాలని కూరలో ఉప్పు రెండింతలు వేసి చూసిందట. నలభై ఏళ్ళ వంటవాడు, కిక్కురుమనకుండా తిన్నాడు. అత్త నా దగ్గరికొచ్చి, డాక్టరుకి ఫోను చెయ్యాలా అని అడిగింది.

సెల్బీ ఇంటి కబురు మెల్వీనా ద్వారా తెలిసింది. వాడు ఏడింటిదాకా మంచం దిగనని పంతం పట్టాడు. మూడున్నరకి కళ్ళు తెరిచి, ఒడ్డున పడ్డ చేపలాగా ఇంటికప్పు వంక చూస్తూ పడుకునేవాడు. డబ్బాలు సర్దినప్పుడే నయం, కనీసం మంచం తనకొక్కదానికే ఉండేది అంది మెల్వీనా. తొమ్మిదో రోజున ఉండబట్టలేక లేచి మడికి వెళ్ళాడు. పదకొండు క్యాబేజీలు జల్లెడలయిపోయి ఉన్నాయి.

అందులో ఒకదాన్ని వేళ్ళతో సహా పీకి, మట్టి రాలుతుండగా లియాండర్ మావయ్య వంటింట్లోకి తెచ్చి దుప్పటి మీద పెట్టాడు. వాళ్ళకి చేరాల్సిన ఉత్తరాలు ఎఫీ అత్తకి ఇస్తూ నేను అక్కడే ఉన్నాను, కాస్త నెమ్మదిగా ఇస్తూ.

“అయిదింటికి నత్తలొస్తాయన్నది నిజమేనన్నమాట” అన్నాడు.

“నిజమే. నేను అబద్ధమెప్పుడు చెప్పాను?”

“మరి ఆ మెల్వీనా సంగతి?”

“అదీ నిజమేరా. ఒక పనికి ఒకటే కారణం ఉండాలని ఎక్కడుంది?”

సెల్బీ క్యాబేజీని ఆయన వైపు జరిపాడు. ఇప్పుడేం చెయ్యమంటావని అడిగాడు. నీ ఇష్టం అన్నాడు మావయ్య. దాంతో వాడికి నిజంగా కోపమొచ్చింది. “నా ఇష్టమేమిటి? నా ఇష్టానికి వదిలితే ఇదిగో ఇలా అయింది. సరిగ్గా చెప్పు” అన్నాడు.

మావయ్య ఆ క్యాబేజీని అటూ ఇటూ తిప్పి చూశాడు. గుండె భాగం పచ్చగానే ఉందనీ, మిగిలిన పదీ బతుకుతాయనీ, మడి చుట్టూ ఎండిన గుల్లలు చితక్కొట్టి వెయ్యమనీ, ఏ గుల్లలు, ఎంత సన్నగా, ఎన్ని వేళ్ళ వెడల్పున, అన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. అరగంట చెప్పాడు. ఎఫీ అత్త ఆ పూట కూరలో ఉప్పు మామూలుగా వేసింది.

ఆ తర్వాత మావయ్య వాళ్ళ పెరటి మడిని మధ్యలో తాడు కట్టి రెండు చేశారు. ఓ సగం సెల్బీ తెల్లారగట్ల చూసేవాడు, ఇంకో సగం హెస్టర్ మధ్యాహ్నం చూసేది. ఎవరి పద్ధతి గొప్పదో సెప్టెంబరులో చర్చి హాల్లో జరిగే కూరగాయల పోటీలో తేల్చుకుందామన్నారు. తూకానికి నా పోస్టాఫీసు తక్కెడే తీసుకెళ్ళాం. సెల్బీ వైపుది తొమ్మిది పౌన్ల నాలుగౌన్సులు తూగింది. హెస్టర్ వైపుది తొమ్మిది పౌన్ల నాలుగౌన్సులే తూగింది. ఇద్దరూ నా తక్కెడ మీద అనుమానపడ్డారు. పార్సిల్ చార్జీలు కూడా ఇలాగే తూస్తున్నావా అని వెనకనుంచి ఎవరో అడిగారు.

అప్పుడు ఎఫీ అత్త బల్ల కింద్నుంచి ఇంకో క్యాబేజీ తీసి పెట్టింది. పదకొండు పౌన్లు దాటింది. ఇంటి పక్కన బట్టలారేసే తీగ కింద, హెస్టర్ పంచిన నారులో ఒకటి మిగిలిపోతే అక్కడ గుచ్చిందట. అంట్లు కడిగిన నీళ్ళు పొయ్యడం తప్ప దానికేమీ చెయ్యలేదు, దాని గురించి ఎవర్నీ ఏమీ అడగలేదు. కట్టు విప్పి చేతికర్రతో నిలబడ్డ మావయ్య ఆ క్యాబేజీని చాలాసేపు చూశాడు. ఆ తీగ కట్టడానికి ఆ చోటు చెప్పింది తనేనని చివరికి అన్నాడు. ఎవరూ కాదనలేదు. బహుమతి రిబ్బను మాత్రం అత్త తన కోటుకే గుచ్చుకుంది.

అక్టోబరు చివర్లో నేల గడ్డకట్టింది. దుంపలూ టర్నిప్‌లూ నేలమాళిగల్లోకి చేరాయి. ఓ పొద్దున మావయ్యకొచ్చిన పింఛను కాగితం ఇవ్వడానికి వెళితే, సెల్బీ ఆ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని.

“మావయ్యా, మడి అయిపోయింది. పడవలు వదులుతారన్న కబురేమీ లేదు. ఇప్పుడు పొద్దున్నే లేచి ఏం చెయ్యను?” అన్నాడు.

మావయ్య కిటికీ వైపు తిరిగాడు. గడ్డం గోక్కున్నాడు. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది, కట్టేసిన పడవల మీద మంచు పేరుకుంటోంది.

“తెలీదురా” అన్నాడు.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అంతకుముందు విని ఉండరు. ఎఫీ అత్త కెటిల్ పట్టుకుని అలాగే ఆగిపోయింది.  సెల్బీ మాత్రం చిత్రంగా తేలికపడ్డట్టు కనిపించాడు. నీకే తెలియకపోతే సరేలే అంటూ లోపలికొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

ఆ చలికాలమంతా వాడు అయిదింటికల్లా వచ్చి వాళ్ళ పొయ్యి వెలిగించేవాడు. మావయ్య నిద్రలేచి కుంటుకుంటూ వచ్చేసరికి వంటిల్లు వెచ్చగా ఉండేదని ఎఫీ అత్త చెప్పేది. మగవాళ్ళిద్దరూ కిటికీ దగ్గర కూచుని, మాట్లాడుకోకుండా టీ తాగేవాళ్ళట. తన ఇంట్లో దొంగలా పడే ఈ మనిషేమిటని మొదటి వారం విసుక్కుంది అత్త. రెండో వారం నుంచి బ్రెడ్డు మూడు ముక్కలు ఎక్కువ కోసింది.